ఆరో కుప్ప

ఈ ఉదయం మా స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో వాతావరణ సూచన వచ్చింది. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడుతోందట. రానున్న మూడు రోజులు వరంగల్, హనుమకొండ, మహబూబాబాద్ జిల్లాల్లో ఒక మోస్తరు నుంచి భారీ వర్షాలు, ఈదురుగాలులు. కోసిన వరిని సురక్షితమైన చోటికి తరలించుకోవాలి. పసుపు, నారింజ రంగులు పూసిన పటం కూడా పెట్టారు. దాని కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టబోయి ఆగాను. "ఎవరు సూసిన్రట?" అని పైకే అన్నాను.

మా ఆయన వంటింట్లో నుంచి తొంగి చూశాడు. "కాక మాట నీకెప్పుడు అంటుకున్నదే?" అన్నాడు.

కాక మాకు చుట్టం కాదు. డోర్నకల్ వైపు రైల్వేలో కీమాన్‌గా పనిచేసి రిటైరై, వర్ధన్నపేట దాటాక ఉన్న మా ఊళ్లో కూతురి దగ్గర స్థిరపడ్డ మనిషి. కీమాన్ అంటే రోజూ తన వంతు పట్టాల మీద నడుస్తూ, వదులైన కీలను సుత్తితో బిగించుకుంటూ పోయేవాడు. మా చర్చిలో గంట కొట్టడం, తాళాలు చూసుకోవడం ఆయన పని. పోయిన ఎండాకాలం చనిపోయాడు. అంతకుముందు రెండేళ్లకు పైగా నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. నా వడ్లను ఆయన కావాలనే వానకు వదిలేశాడని నా అనుమానం. అది పెద్ద మాటని తెలుసు. కానీ ఆ రోజు నేను కళ్లారా చూసింది చెబితే, మీకూ అలాగే అనిపిస్తుంది.

ముందు ఆయన ఎలాంటివాడో చెప్పాలి.

ఏ వస్తువునైనా వేలి కణుపుతో తట్టి చూడనిదే నమ్మేవాడు కాదు. కూర్చునే ముందు బెంచీని తట్టేవాడు. కొత్త కుండను, తలుపు చెక్కను, చివరికి బల్ల మీద పెట్టిన ప్రసంగ పీఠాన్ని కూడా. కోత పండుగకు జనం కానుకగా తెచ్చిన గుమ్మడికాయలను ఆరాధన తర్వాత వేలం వేస్తాం కదా, ఒక్కొక్కదాన్నీ తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది లోపల మురిగింది" అని అందరి ముందూ అనేవాడు. తెచ్చినవాళ్ల మొహాలు మాడిపోయేవి.

"దేవుని కానుకను గట్ల తట్టుడేంది కాకా?" అని నేనంటే, "దేవునికిచ్చేది మంచిదే ఇయ్యాలె గదా బిడ్డా. మురిగింది ఆయనకెందుకు?" అన్నాడు. మాట న్యాయమే. అయినా అన్న తీరు నాకు నచ్చలేదు.

మంచి పట్టాను సుత్తితో కొడితే గంటలా మోగుతుందట. పగులున్న పట్టా మొద్దుగా పలుకుతుందట. ముప్పయ్యేళ్లకు పైగా ఆ రెండు చప్పుళ్ల మధ్య తేడా వింటూ నడిచిన మనిషికి మనుషుల మాటలు కూడా అలాగే వినపడేవేమో. ఆదివారం ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబితే, ఆరాధన అయ్యాక బయట చెప్పులేసుకుంటూ నింపాదిగా అడిగేవాడు.

"ప్రార్థన చెయ్యంగనే జరం దిగిందన్నవ్ గదా అమ్మా. థర్మామీటర్ వెట్టి సూసిన్రా?"

"లేదు కాకా, ఒళ్లు ముట్టుకుంటె సల్లగైంది."

"ఎవరు ముట్టుకున్నరు?"

"మా అత్త."

"మీ అత్త చెయ్యి ఎప్పుడు సల్లగనే ఉంటది గద."

అందరూ నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. సండే స్కూల్లో పిల్లలకు వాక్యం నేర్పేదాన్ని. పదేళ్ల వయసు నుంచీ సంఘంలో పెరిగినదాన్ని. సంఘం ఎలా పాడవుతుందో నాకు తెలుసు. బయటి శత్రువు వల్ల కాదు, వెనక బెంచీలో కూర్చున్న ఒక్క సందేహం వల్ల.

ఆయన కూర్చునేది వెనక బెంచీలోనే, తూర్పు కిటికీ పక్కన. ప్రార్థనలో అందరం కళ్లు మూసుకుంటే ఆయన తెరుచుకునే ఉండేవాడు. ఆ సంగతి నాకెలా తెలుసంటే, నేనూ తెరిచి చూశాను కనుక. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆయన కిటికీలోంచి ఆకాశం చూస్తూ ఉండేవాడు. ఒకరోజు సంఘ కమిటీలో నేనే లేచి చెప్పాను. ప్రార్థనలో కళ్లు మూయని మనిషి చేతిలో దేవుని ఇంటి తాళాలు ఉండడం బాగాలేదని. కమిటీ పెద్దలు, "వేరే ఎవరున్నరమ్మా పొద్దుగాల లేసి గంట కొట్టెటోళ్లు?" అని కొట్టిపారేశారు. ఆ మాట ఆయన దాకా వెళ్లే ఉంటుంది. ఊరు చిన్నది.

వాతావరణం విషయంలో మాత్రం ఆయన వేరే మనిషి. సూచన వచ్చిందంటే గౌరవంగా వినేవాడు. ముందు "ఎవరు సూసిన్రట?" అనే అనేవాడు కానీ, తర్వాత నేల చూపు వదిలి తలెత్తేవాడు. నవంబరు మొదట్లో మా దగ్గర పొద్దున మంచు పడుతుంది. జొన్న రొట్టె కాల్చే పొయ్యి దగ్గర చేతులు కాచుకునేంత చలి. అలాంటి రోజుల్లో ఉన్నట్టుండి దుప్పటి అక్కర్లేకుండా పోయి, మెడ వెనక చెమట పట్టి, గాలి తూర్పు నుంచి తిరిగిందంటే, "చలి పక్కకు జరిగింది. ఆడ సముద్రం మీద ఏదో లేసింది" అనేవాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు తుఫాను హెచ్చరిక రాగానే గ్యాంగ్ మొత్తాన్నీ లైన్ మీదికి పంపేవారట. కట్ట కోసుకుపోయిందేమో, వంతెన కింద నీళ్లెంత ఉన్నాయో చూసుకుంటూ నడవాలి.

"ఎన్నిసార్లు వాన వచ్చేది కాకా?" అని అడిగాను ఒకసారి.

"శానసార్లు రాకపోయేది."

"మరి నడిచినదంత వేస్టే గదా."

ఆయన నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "వాన రాకపోతె వార్త ఇచ్చినోడిది తప్పు గాదు బిడ్డా. నడవకపోతె మనది తప్పు."

క్రియలు లేని విశ్వాసం గురించి నేను పిల్లలకు ఏటా పాఠం చెబుతాను. ఆ మాట ఆ పాఠానికి ఎంత దగ్గరో అప్పుడు తట్టలేదు. అవిశ్వాసి మాటలా వినపడింది.

మూడేళ్ల కిందటి నవంబరు సంగతి ఇది. మా చర్చి ముందు పెద్ద సిమెంటు గచ్చు ఉంది. కోతలయ్యాక సంఘస్థులు వడ్లను అక్కడ ఆరబోసుకోవడం మా ఊరి అలవాటు. కొనుగోలు కేంద్రంలో తేమ చూసే మిషన్ పెట్టి, తడి ఎక్కువుంటే వెనక్కి పంపుతారు. కాబట్టి పొద్దున పరిచి, కాళ్లతో తిరగేస్తూ ఎండనిచ్చి, సాయంత్రం కుప్ప చేయాలి. ఆ ఏడు గచ్చు మీద ఆరు కుప్పలున్నాయి. ఒకటి మాది. కౌలుకు చేసిన రెండెకరాల మీద వచ్చిన పంటంతా అదే. ఇంట్లో తిండి, పిల్ల నర్సింగ్ చదువు, మళ్లీ యాసంగికి విత్తనం, అన్నీ ఆ కుప్పలోనే ఉన్నాయి. ఆదివారం కోత పండుగ. సోమవారం లారీ.

అప్పటికి ఆ నెల్లోనే రెండుసార్లు నారింజ రంగు హెచ్చరికలు వచ్చాయి. రెండుసార్లూ మేం ప్రార్థన చేశాం. రెండుసార్లూ చినుకు పడలేదు. మూడోసారి హెచ్చరిక గురువారం వచ్చింది. శనివారం మధ్యాహ్నం నుంచి భారీ వర్షం అని. శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థన. వాక్యం చెప్పవలసింది నేనే.

ప్రార్థనతో ఆకాశాన్ని మూయించి, మళ్లీ ప్రార్థనతోనే తెరిపించిన ప్రవక్త గురించి చెప్పాను. చెబుతూ చెబుతూ నాలో ఏదో లేచింది. ఇప్పటికీ అది ఆత్మ నడిపింపు అనే అనుకోవాలని ఉంది.

"రెండుసార్లు ఆపిన దేవుడు మూడోసారి ఆపడా?" అన్నాను. "ఆపమని అడిగి, మళ్ల గొడుగు పట్టుకొని కూసుంటె అదేం ప్రార్థన? రేపు ఎవ్వరు కుప్పలు కప్పొద్దు. కప్పుకునెటోళ్లు ఇయ్యాల ప్రార్థన చెయ్యనట్టే."

"ఆమేన్!" అని అందరికంటే గట్టిగా అన్నది మా పక్కింటి మరియమ్మ. ఆమె కుప్ప మా కుప్ప పక్కనే. మిగతావాళ్లూ అన్నారు. తాళాలు తీయడానికి వచ్చి కూర్చున్న కాక వెనక బెంచీ నుంచి మాత్రం ఆమేన్ రాలేదు.

ప్రార్థన అయ్యాక కాక నా దగ్గరికి వచ్చాడు. ఏటా జరిగే మూడు రోజుల కూడికలకు పందిరి వేసే పెద్ద పెద్ద టార్పాలిన్లు చర్చి పక్క గదిలో తాళం వేసి ఉంటాయి.

"బిడ్డా, పరదాలు తీసి బయట వెడుదునా?"

"వద్దు కాకా."

"కప్పమంటలేను. ఉత్తగ బయట వెడుత. ఉంటె ఏం పోయింది?"

"ఉంటె చెయ్యి దానిమీదికే పోతది. ఆ అర్ర తాళంచెవి నాకియ్యి."

ఆయన మొలతాడుకు కట్టుకున్న గుత్తిలోంచి ఒక చెవి విడదీసి నా చేతిలో పెట్టాడు. "తీస్కో బిడ్డా."

"ఇంకోటి ఉన్నదా?"

"లేదు."

నమ్మలేదు. ఇంటికి పోతూ వాళ్ల కూతురిని కూడా అడిగాను. ఆమె లేదనే చెప్పింది. చెవిని కొంగుకు ముడేసుకున్నాను.

శనివారం పొద్దున ఎండ ఫెళ్లున కాసింది. వడ్లు పరిచాం. మా ఆయన కోత మిషన్ వెంట పక్క ఊరికి వెళ్లాడు. పండుగకు రంగు కాగితాలు, రిబ్బన్లు కావాలని నేను బస్సెక్కి వరంగల్ పోయాను. బజారులో ఉన్నంతసేపూ బాగానే ఉంది. మధ్యాహ్నం దాటాక కొంచెం ఉక్కపోతగా అనిపించింది. జాకెట్టు వీపుకు అంటుకుంది. పట్టించుకోలేదు. తిరుగు బస్సు ఖమ్మం రోడ్డు ఎక్కాక చూశాను. వెనక ఖిలా వరంగల్ వైపు ఇంకా ఎండే ఉంది. డ్రైవర్ ముందున్న అద్దం నిండా నలుపు. బస్సు ఆ నలుపులోకే పోతోంది.

మామునూరు దాటుతుండగా మరియమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, యాడున్నవే? అర్ర తాళంచెవి నీ దగ్గర్నే ఉన్నదటగా?"

"నీకెందుకే?"

"గాలి చూడే తల్లీ, రేకులు లేసిపోతానయ్! ఎంతసేపట్ల వస్తవ్?"

"నిన్న ఆమేన్ అన్నది నువ్వే గదా మరియమ్మా."

"అన్న! ఎవరన్నలేదన్నరు? ఇప్పుడు చెవి సంగతి చెప్పు!"

అంతలో లైన్ కట్టయింది. వెంటనే మొదటి చినుకులు అద్దం మీద గులకరాళ్లలా పడ్డాయి. నేను బస్సులో కళ్లు మూసుకుని ప్రార్థించాను. ఎంత గట్టిగా ప్రార్థించానంటే, పక్క సీటు ముసలమ్మ, "ఏం బిడ్డా, కడుపుల నొస్తాందా?" అని అడిగింది.

ఊళ్లో దిగేసరికి వాన కుండపోతగా ఉంది. రంగు కాగితాల కట్ట నెత్తిన పెట్టుకుని చర్చి దాకా పరుగెత్తాను. ఎరుపు, పచ్చ రంగులు కరిగి నా మొహం మీదుగా కారాయి.

గది తలుపు తెరిచి ఉంది. తాళం విరిగి నేల మీద పడి ఉంది. గచ్చు మీద ఐదు కుప్పల మీద ఐదు టార్పాలిన్లు బిగించి ఉన్నాయి. అంచుల మీద ప్రహరీ పక్కన పడున్న రాళ్లన్నీ తెచ్చి పేర్చారు. వాటి మనుషులు చర్చి వరండాలో ఒదిగి నిలబడి ఉన్నారు. ఆరో కుప్ప మాది. అది వానలో బారుగా పడి ఉంది. గచ్చు మీద నీటితో పాటు మా వడ్లు కాలవ కట్టి పోతున్నాయి. ఆ కుప్ప మొదట్లో మడత విప్పని టార్పాలిన్ ఒకటి ఉంది. దాని పక్కన కాక నిలబడి ఉన్నాడు. గొడుగు లేదు. కదలడం లేదు. నా కుప్పనే చూస్తున్నాడు.

నేను మొదట అడిగింది వడ్ల గురించి కాదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. "తాళం ఎందుకు వగులగొట్టినవ్ కాకా?" అన్నాను.

"కొత్తది కొనిస్త బిడ్డా."

"నా కుప్ప? వీళ్లందరియి కప్పినవ్. నాదెందుకు కప్పలే?"

"వాళ్లు అడిగిన్రు. నువ్వు అడగలే."

"ఎప్పుడు అడిగిన్రు?"

"నిన్ననే. ఒక్కొక్కలే అచ్చిన్రు. వానొస్తె మాది జర చూడు కాకా అన్నరు."

వరండా వైపు తిరిగాను. మరియమ్మ తల దించుకుని కొంగు పిండుకుంటోంది. "ఊకె మాటకు అన్న అక్కా," అంది. "నీదానిమీద గూడ కప్పుదామని నేను పోయిన. ముట్టకుండ్రి, ఆమెది ఎవ్వరు ముట్టద్దు అని కాకనే ఆపిండు. కావాల్నంటె అడుగు."

అడగలేదు. ఆయన కాదనలేదు. అప్పటికప్పుడు అందరం కలిసి కప్పాం కానీ, కింద పట్టిన నీరు అలాగే ఉండిపోయింది. ఆదివారం కోత పండుగకు అందరూ కానుకలు తెచ్చారు. నేను వెళ్లలేదు. పదేళ్ల వయసు నుంచి నేను లేని కోత పండుగ అదొక్కటే. మంగళవారానికి వడ్లు మొలకెత్తాయి. చేయి పెడితే లోపల వేడిగా ఉంది, పులిసిన వాసన. కేంద్రంలో తీసుకోలేదు. పిల్ల చదువు ఒక ఏడు ఆగింది.

ఆ తర్వాత నేను ఎంతమందిని అనుమానించానో చెప్పనా? ముందు ఆ ఐదుగురిని. నోటితో ఆమేన్ అని, గుట్టుగా పోయి పరదా అడిగినవాళ్లను. బైబిల్లో ఒక్కడు దాచుకున్న దోపుడు సొమ్ము వల్ల సేన మొత్తం ఓడిపోయిన వృత్తాంతం చదివి, మా ప్రార్థన ఎందుకు వినబడలేదో తెలిసిపోయిందనుకున్నాను. అది కొన్ని వారాలు నిలిచింది. కానీ వాళ్ల వడ్లు తడవలేదు, నావే తడిశాయి. ఆ లెక్క ఎక్కడా కుదరలేదు. తర్వాత కాకను. కమిటీలో నేనన్న మాటకు కక్ష తీర్చుకున్నాడు. అందరి ముందూ నా నోరు మూయించాలని కాచుకుని ఉన్నాడు. మడత విప్పని పరదా పక్కన పెట్టుకుని మరీ చూస్తూ నిలబడ్డాడంటే ఇంకేమిటి?

ఇక ఆయన చేసే ప్రతి పనిలోనూ నాకు అర్థం కనపడింది. నేను వాక్యం చదివే ఆదివారం గంట ఒకటి తక్కువ కొట్టాడని లెక్కపెట్టాను. నా పేరు వచ్చిన వారమే మైకు గీపెట్టిందని గుర్తుపెట్టుకున్నాను. ఎదురుపడితే "వందనాలు" అనేదాన్ని. "వందనాలు బిడ్డా" అనేవాడు. అంతే. ఆయన కూడా ఎందుకో మారిపోయాడు. సాక్ష్యాలు చెప్పినవాళ్లను బయట ఆపి అడగడం మానేశాడు. కిటికీలోంచి చూడడం మానేసి తన చేతులు చూసుకుంటూ కూర్చునేవాడు. తప్పు చేసినవాడి లక్షణం అనుకున్నాను.

పోయిన ఎండాకాలం ఊపిరితిత్తులకు నీరు పట్టి వరంగల్‌లో దవాఖానలో పడ్డాడు. మా సంఘంలో మంచం పట్టినవాళ్లను వంతులవారీగా చూసి ప్రార్థన చేసి రావాలి. నా వంతు వచ్చింది. తప్పించుకోవాలని చూశాను. మరియమ్మను అడిగితే, "నీ వంతు నువ్వు పో అక్కా, నాకు కాళ్ల నొప్పులు" అంది. ఆమె కాళ్లు బాగానే ఉన్నాయి. రొట్టె ప్యాకెట్ ఒకటి పట్టుకుని మధ్యాహ్నం పోయాను.

ఆయన సగానికి సగం అయిపోయాడు. ముక్కుకు గొట్టం ఉంది. నన్ను చూసి మంచం చివర చోటు చూపించాడు. ప్రార్థన చేసి వెళ్లిపోదామని కళ్లు మూసుకున్నాను. ప్రార్థన మొదలుపెట్టకుండానే కళ్లు తెరిచి అడిగేశాను.

"కాకా, ఆ దినం నా వడ్లను కావాల్ననే తడవనిచ్చినవ్ గదా?"

ఆయన తొణకలేదు. ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు తలూపాడు.

"అవు బిడ్డా. కావాల్ననే."

ఆయన ఊపిరి కూడదీసుకుంటూ ఆగి ఆగి చెప్పాడు.

"నేను పుట్టినకాడికెల్లి సూడంది నమ్మలే. నీకు తెల్సు. గని ఆ శుక్రారం నువ్వు అంత గట్టిగ అన్నవ్. అర్ర తాళంచెవి గూడ తీస్కపోయినవ్. గంత నమ్మకమున్న మనిషిని నేను యాడ సూడలే. ఏమో, నిజంగనే ఆగుతదేమో అనిపిచ్చింది. అడిగినోళ్లయి కప్పిన. నీదొక్కటి ఇడిచిపెట్టిన. దాని మీద పడకుంట ఆగితె..." ఆయాసం వచ్చింది. "పరదా పక్కనే ఉండె. ఒక్క చినుకు పడంగనే కప్పుదామనుకున్న. పడ్డది. ఇంక జరసేపు సూద్దామనుకున్న. ఇంక జరసేపు. గట్లనే నిలవడ్డ. నువ్వొచ్చినవ్."

రెండేళ్లు మనసులో కుట్రలు అల్లినదాన్ని. ఆ వానలో మా ఊళ్లో ప్రార్థన నెరవేరుతుందని ఎదురుచూస్తూ నిలబడింది ఈ ఒక్క మనిషేనని నాకు తట్టలేదు.

"నీ పిల్ల సదువు ఆగింది. అది నా తప్పే. దానికి నేను మాఫీ అడుగుత," అన్నాడు. "గని అది గాదు. నమ్మినదాని కుప్పనే తడిపిండు గదా దేవుడు. నమ్మనోళ్లయి ఎండుగనే ఉన్నయి. అది నాకు ఎటూ తెగుతలేదు. పోయే ముంగట ఒక్కటి అడుగుత, నిజం చెప్పాలె. చెవి ఎందుకు తీస్కపోయినవ్ బిడ్డా?"

వాన రాదని నమ్మాను కాబట్టి అని చెప్పవచ్చు. చావుకు దగ్గరైన మనిషికి ఆ మాట చెబితే మంచిదనే ఎవరైనా అంటారు. పైగా అది నేను రెండేళ్లుగా అందరికీ చెప్పిన మాటే. కానీ వాన రాదని నిజంగా నమ్మినదాన్నైతే, గదిలో టార్పాలిన్లు ఉంటే నాకేం? బయట ఉంటే నాకేం? అది ఆ క్షణం దాకా నన్ను నేను అడగలేదు. అడగకుండా జాగ్రత్తపడ్డాను.

"నాకు లోపల భయముండె కాకా," అన్నాను. "వానొస్తదేమోనని. వస్తె, అందరు కప్పుకొని, నాదొక్కటే తడిస్తె నవ్వులపాలైత. తడిస్తె అందరియి తడవాలె. అందుకే తీస్కపోయిన."

పక్క మంచాల వాళ్లు వింటున్నారు. విననీ అనుకున్నాను. ఇన్నేళ్లలో సంఘం ముందు ఎన్నో సాక్ష్యాలు చెప్పాను. ఇలాంటిది ఒక్కటీ చెప్పలేదు.

ఆయన కోప్పడతాడనుకున్నాను. నెమ్మదిగా నుదుటి మీది ముడతలు విడిపోయాయి.

"అట్లనా," అన్నాడు. "అయితె ఆయన తప్పేం లేదు."

ఆ మాట నా కోసం అన్నాడేమో, నన్ను తేలికపరచడానికి అన్నాడేమో అని ఇప్పటికీ ఒక్కోసారి అనుమానం వస్తుంది. కానీ ఆయన ఎవరినీ తేలికపరిచే మనిషి కాదు. మురిగిన గుమ్మడికాయను మురిగిందనే చెప్పిన మనిషి.

నర్సు వచ్చి టైమైపోయింది, బయటికి వెళ్లమంది. నేను లేవబోయాను. ఆయన సూది గుచ్చిన చేతిని పైకెత్తి ఆమెను ఆపాడు.

"జర ఆగు సిస్టరమ్మా. మా బిడ్డ ప్రార్థన ఇంక షురూ చెయ్యలే."